నేనే దించా

ఆ రోజు ఇంట్లో ఉన్నది అన్నయ్య, వదిన, బీట్లు కట్టే దిండన్న, కెమెరా పట్టుకొచ్చిన పాటల కంపెనీ ఆయన, నేను. తరువాత ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళు తలుపు కొట్టలేదు. వెలుతురు చాలడం లేదని కంపెనీ ఆయన తలుపు బార్లా తెరిపించి ఉంచాడు.

మాది మేడ మీద ఒకటే పెద్ద గది, దాని పక్కన వంటకి చిన్న అర. వదిన కిటికీ కింద కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరివో పరదాలకి అంచులు కుడుతోంది. షూటింగు జరుగుతున్నంత సేపూ మిషను ఆపమని కంపెనీ ఆయన బతిమాలితే, మీ పని మీకు పని, నా పని నాకు పని కాదా అని అడిగి ఆపింది. నేను బీరువా పక్కన నేల మీద కూర్చున్నాను. అన్నయ్య మొహానికి చెమట పడితే తువ్వాలు అందించడం నా పని.

మా అన్నయ్య పాటలన్నీ ఆ బీరువాలోనే పుట్టాయి. రెండు తలుపులూ తెరిచి, వేలాడే బట్టల మధ్య మైకు కట్టి, అందులో తల దూర్చి పాడేవాడు. బట్టలు శబ్దాన్ని మింగేస్తాయట, గది మోగదట. రక్తం గురించీ కత్తుల గురించీ పాడుతున్నంత సేపూ వదిన జాకెట్ల చేతులు అతని చెవులకి తగులుతూ ఉండేవి. ప, బ అన్నప్పుడల్లా మైకులో ఫట్టుమని పేలుతోందని దిండన్న ఒక దిండు గలీబు చించి మైకుకి తొడిగాడు. అది వదిన కొత్త గలీబు. ఆ కోపంతో ఆమె పెట్టిన పేరే దిండు. అసలు పేరు ఇప్పుడు వాళ్ళమ్మ కూడా పిలుస్తుందో లేదో.

అంతకు ముందు మా అన్నయ్యని అందరూ బూర అనేవారు. పిల్లల పుట్టినరోజులకి వెళ్ళి, వాళ్ళ పేర్లు కలిపి అప్పటికప్పుడు ర్యాప్ కట్టి పాడేవాడు. రంగురంగుల బూరలు తగిలించుకునే కోటు ఒకటి వదిన కుట్టి ఇచ్చింది. ఒకసారి పాప పేరు అనుకుని వాళ్ళ కుక్క పేరుతో పాటంతా పాడేశాడు. కుక్క స్టేజీ ఎక్కి కూర్చుంది, పాప ఏడ్చింది. ఆ కథ వీధిలో చాలా కాలం నడిచింది. అన్నయ్య కూడా నవ్వేవాడు గాని, ఇంటికొచ్చాక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ముప్ఫై ఏళ్ళొచ్చినా నేను బూరగాణ్ణే అని ఒకసారి నాతో అన్నాడు. నాకు మాటలు తొందరగా రావు. మా ఊరి బడిలో హాజరు పిలిస్తే అందరూ పలికేవాళ్ళు, నేను చెయ్యి ఎత్తేదాన్ని. సారు కూడా అలవాటు పడిపోయి నా పేరు దగ్గర తలెత్తి చూసేవారు.

కిందటి ఎండాకాలం పై చదువుకని వీళ్ళింటికి వచ్చాను. వచ్చిన కొత్తలోనే అది జరిగింది. వదిన పుట్టింటికి వెళ్ళి ఉంది. అన్నయ్య ఒక్కడే స్పీకర్లు మోసుకోలేడని నన్ను వెంట తీసుకెళ్ళాడు. పుట్టినరోజు ముగించుకుని ట్రాలీ ఆటోలో తిరిగి వస్తున్నాం. అన్నయ్య నడుపుతున్నాడు. వెనక స్పీకర్లు, మిగిలిపోయిన బూరల గుత్తి, నేను. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద నీడే లేదు.

షట్టర్లు చేసే వర్క్‌షాపు ముందు హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు కొందరు వంగి ఉన్నారు. ఒకడి మోచెయ్యి వెనక్కీ ముందుకీ ఆడుతోంది. బండికి గాలి కొడుతున్నారనుకున్నాను. అతని చెయ్యి పైకి వచ్చినప్పుడు మోచేతి దాకా ఎర్రగా ఉంది. వాళ్ళు పొడిచిన చోటే మళ్ళీ పొడుస్తున్నారు. కింద పడ్డ మనిషి అరవడం లేదు. పొడిచినప్పుడల్లా అతని చెప్పులు నేల మీద గీసుకుంటున్నాయి, అంతే. పని అయ్యాక ఒకడు కత్తిని అతని ప్యాంటుకే తుడిచాడు. బండ్లెక్కి వెళ్ళిపోయారు, తొందర కూడా లేదు. అప్పటిదాకా తెరిచి ఉన్న కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

అన్నయ్య ఆటో అక్కడికి పోనిచ్చాడు. ఎందుకు పోనిచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. పిరికివాడే. కాని పోనిచ్చాడు.

ఆ వర్క్‌షాపతన్ని వీధిలో షట్టర్ అనేవారు. వెల్డింగ్ గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. పొట్ట తెరుచుకుని ఉంటే రెండు చేతులతో లోపలికి అదిమి పట్టుకున్నాడు, జారిపోతున్న లుంగీని పట్టుకున్నట్టు. ఇద్దరం కలిసి స్పీకర్ల మధ్యలోకి ఎక్కించాం. అతని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. వేడి ఇనుము వాసన వేస్తోంది. రక్తం బూరల మీదికి పాకింది. గుంట వచ్చినప్పుడల్లా ఒక బూర పేలేది, అతను ఉలిక్కిపడేవాడు. దాహమన్నాడు. నీళ్ళు లేవు. తరువాత నా మొహం చూసి, మిషను ఆపానా అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అదే అడిగాడు, మిషను ఆపానా లేదా అని. ఆపేశావు అన్నాను. సరే అన్నట్టు కళ్ళు ఆర్పాడు.

ఆసుపత్రి గేటు దగ్గర అన్నయ్య అతని చంకల కింద చేతులు వేసి ఒక్కడే దించాడు. మోసుకెళ్ళి మెట్టు మీద కూర్చోబెట్టాడు. అప్పుడే లోపలినుంచి కాపలా మనిషి, ఎవరయ్యా మీరు, ఈయనకి ఏమవుతారు అంటూ బయటికి వస్తున్నాడు. అన్నయ్య తన చొక్కా వైపు చూసుకున్నాడు. మొత్తం ఎర్రగా ఉంది. వెనక్కి నాలుగు అంగల్లో వచ్చి ఆటో ఎక్కి తిప్పేశాడు. నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. షట్టర్ కూడా మమ్మల్నే చూస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కాపలా మనిషి అతన్ని దాటి మా బండి వెనక పరిగెత్తుకొచ్చాడు. షట్టర్ మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు, నిద్రకి ఆగలేని పిల్లాడిలా.

అతను చచ్చిపోయాడని మర్నాడు వీధంతా అనుకున్నారు. ఎవరు చంపారో, ఎవరు ఆసుపత్రికి తెచ్చారో తెలియలేదు. ఎవరికీ చెప్పొద్దు, చెబితే హెల్మెట్లవాళ్ళు మన మెట్లెక్కుతారు అన్నాడు అన్నయ్య. వదినకి కూడా చెప్పలేదు.

ఆ తరువాత అతను పుట్టినరోజులకి వెళ్ళలేకపోయాడు. బూర ఎక్కడ పేలినా చెవులు మూసుకునేవాడు. దిండన్నని పిలిపించి బీరువా తెరిచాడు. దిండన్న లెక్కలో ట్రాప్ బీటు అంటే కింద బేస్ నేలలోంచి మూలగాలి, పైన రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు చిటచిటలాడాలి, ఆ రెంటికీ మధ్య మనిషి ఒక్కడే చిక్కుకుని ఉండాలి. అన్నయ్య నిజంగానే చిక్కుకుని ఉన్నాడు. అరిచి పాడేవాడు కాస్తా గొణిగి పాడడం మొదలుపెట్టాడు. అన్నం ముందు కూర్చుని కూడా గొణిగేవాడు. అలా తయారైన పాటలన్నీ కలిపి మిక్స్‌టేప్ చేసి, దానికి 'మిట్టమధ్యాహ్నం' అని పేరు పెట్టారు. అందులో ఒక పాట మిగతావాటిని మింగేసింది.

గాగుల్సు నుదుటి మీద, ఎండేమో నెత్తి మీద
గేటు దాకా తెచ్చా, నేనే దించా
వెచ్చగా ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు
మెట్టు మీద నేనే దించా, నేనే దించా

రాసినప్పుడు అన్నయ్యకి ఒకటే అర్థం. మనిషిని బండి దించడం, బరువు దించడం. వినేవాళ్ళకి ఇంకోటి వినపడింది. కత్తి దించడం కూడా అదే మాట కదా. దిండన్న కూడా మొదట అలాగే విని, ఎవడ్ని దించావు గురూ అని కళ్ళు పెద్దవి చేసి అడిగాడు. అన్నయ్య ఆటోలోంచి అని చెప్పబోయి ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నేను చూశాను. అతన్ని అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు, దిండన్న ఆ క్షణంలో చూసినట్టు.

ఒకటే మాట, అర్థం మారింది, మనిషి మారిపోయాడు. కుర్రాళ్ళ చొక్కాల మీద దించా అని అచ్చు పడింది. ఆటోల వెనక రాసుకున్నారు. మెట్ల మీద ఎదురైతే కింది వాటా ఆయన గోడకి అతుక్కుని దారి ఇచ్చేవాడు. అంతకు ముందు ఆయనే, ఏం బూరా, గాలి పోయిందా అని రోజూ అడిగేవాడు. మొదటి పెద్ద ప్రోగ్రాంలో నేను స్టేజీ పక్కన తెర వెనక నిలబడ్డాను. నేనే దించా అని వచ్చేసరికి ముందున్న జనమంతా పిడికిళ్ళు పైకెత్తి గాలిలోకి పొడిచారు. అన్నయ్య తడబడ్డాడు. రెండోసారి వచ్చేసరికి అతను కూడా పిడికిలి ఎత్తి పొడిచాడు. ఆ మోచెయ్యి వెనక్కీ ముందుకీ ఆడడం నేను చూశాను. స్టేజీ వెనకే వాంతి చేసుకున్నాను. ఎండ దెబ్బ అన్నాడు దిండన్న.

ఇదీ కంపెనీ ఆయన మా ఇంటికి వచ్చేనాటి సంగతి. రెండో మిక్స్‌టేప్ వాళ్ళే వేస్తారట. దానికి ముందు అన్నయ్య గురించి చిన్న వీడియో తీయాలి. ఆయన నవ్వుతూనే విషయం చెప్పాడు. ఎవడో బూరల కోటు వీడియో బయటికి తీశాడనీ, కుక్క పేరు పాట కూడా తిరుగుతోందనీ, ఇలా ఇంకొన్నాళ్ళు నడిస్తే జనం నవ్వుకుని వదిలేస్తారనీ అన్నాడు. పేర్లు అక్కర్లేదు, కేసు అయ్యే మాటలు అక్కర్లేదు, కెమెరా వైపు చూసి ఆ ఒక్క మాట అంటే చాలు. పాటగా కాదు, మామూలు మాటగా.

అన్నయ్య కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వెలుతురు తగ్గింది.

వచ్చినవాళ్ళలో పెద్దాయన్ని నేను ఎరుగుదును. మెయిన్ రోడ్డు మీద టైర్ల షాపు ఆయనదే. షట్టర్‌కి సొంత అన్న. చేతి గీతల్లో నలుపు ఇంకిపోయి ఉంటుంది. టైరు ఊడదీసే పొడుగాటి ఇనపకడ్డీ జబ్బకి ఆనించి పట్టుకుని ఉన్నాడు. వెనక ఆయన బావమరిది, మెడ లావుగా ఉన్న మనిషి, కొంచెం సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాడు. అభిమానులనుకుని కంపెనీ ఆయన కాస్త పక్కకి జరగమని చెయ్యి ఊపాడు.

"పాట నీదేనా, తమ్ముడూ?" అని అడిగాడు టైర్ల షాపాయన. గొంతు చాలా మామూలుగా ఉంది.

నాదే అన్నాడు అన్నయ్య. ఎవరి మీద కట్టావని అడిగితే, విన్నవాళ్ళకి తెలుస్తుందన్నాడు. ఆ జవాబు ఇంతకు ముందే కంపెనీ ఆయనతో కలిసి అనుకున్నది. అన్నయ్య ఆయన మొహం కాదు, ఎర్ర చుక్క చూస్తున్నాడు.

"నేను విన్నాను. మా వాడి గాగుల్సు నుదుటి మీదున్నాయని నీకెవరు చెప్పారు?"

అన్నయ్య నోరు తెరిచాడు. ఏ మాట రాకముందే కడ్డీ అతని మోకాలి మీద పడింది. నేననుకున్నంత చప్పుడు కాలేదు. తడి గోనెసంచి కింద పడేసినట్టు ఒక మొద్దు చప్పుడు. ఆ కాలు ఇప్పటికీ మడత పడదు. కుర్చీతో సహా పక్కకి కూలిపోయాడు. రెండో దెబ్బ భుజం మీద, మూడోది వీపు మీద. ఆయన కోపంగా కొట్టడం లేదు. మొండికేసిన టైరుని రిమ్ము నుంచి ఊడదీసేటప్పుడు చుట్టూ తిరిగి ఒక్కో చోటా ఎలా కొడతాడో, అలాగే కొడుతున్నాడు.

ఇది ముందే అనుకున్నదా అని కంపెనీ ఆయన దిండన్న చెవిలో అడగడం నాకు వినిపించింది. కాదు అన్నాడు దిండన్న. అని, మైకు స్టాండు ఎత్తుకుని ముందుకి దూకాడు. బావమరిది అతని జుట్టు పట్టుకుని మొహాన్ని కుట్టు మిషను అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మిషను చక్రం దానంతటదే తిరిగి, సూది గుడ్డలో టకటకా దిగి ఆగింది. దిండన్న నోట్లోంచి రక్తంతో పాటు తెల్లటిదేదో పరదా మీద పడింది. వదిన కత్తెర తీసుకుని బావమరిది మీదికి వెళ్ళింది. అతను ఆమె చెయ్యి మెలితిప్పాడు. పట్టు మారి కత్తెర ఆమె అరచేతిలోనే దిగింది. ఆమె అరచెయ్యి రెండుగా విచ్చుకుంది. అప్పుడు కూడా వదిన ఏడవలేదు. గోడకి జారి కూర్చుని, చేతిని పరదాలో చుట్టుకుని అరిచింది.

"ఒరేయ్, బొద్దింకని చూస్తే మంచం ఎక్కుతాడురా ఈయన. ఈయన మనిషిని పొడుస్తాడా?"

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు అన్నయ్య.

నేల మీద పడి, విరిగిన కాలు పక్కకి తిరిగిపోయి ఉన్నా అతను తిట్టింది వదినని. కెమెరా ఇంకా వెలుగుతోంది. కంపెనీ ఆయన గోడకి కరుచుకుపోయాడు గాని, ఒక చేత్తో కెమెరాని కిందికి, అన్నయ్య మొహం మీదికి వంచాడు.

టైర్ల షాపాయన అన్నయ్య కుడి చేతిని నేల మీద పరిచి, మడమతో తొక్కి నిలబడ్డాడు. వేళ్ళు ఒక్కొక్కటే చిటుక్కుమన్నాయి. కడ్డీ మొన అన్నయ్య కణతకి ఆనించాడు. ఒక్కటే చెప్పు, వాణ్ణి దించింది ఎవరు అన్నాడు. బలంగా ఊపిరి తీస్తున్నాడు. ఆయన కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈసారి తల మీదే పడుతుందని గదిలో అందరికీ తెలుసు.

ఆటోలోంచి అని ఒక్క మాట కలిపితే చాలు. అన్నయ్య కళ్ళు నా మీదికి వచ్చాయి, అక్కడినుంచి ఎర్ర చుక్క మీదికి పోయాయి. ఆ ఒక్క మాట కలిపితే మళ్ళీ బూర అయిపోతాడు. కుక్క పేరు పాట పాడినవాడైపోతాడు.

"నేనే దించా," అన్నాడు.

కడ్డీ పైకి లేచింది. నేను చెయ్యి ఎత్తాను. బడిలో ఎత్తినట్టే, మోచెయ్యి నిటారుగా పెట్టి. తువ్వాలు అందులోనే ఉంది. ఎందుకు అలా చేశానో తెలియదు, నాకు వచ్చింది అదొక్కటే.

"బావా, ఆగు. ఈ పిల్ల ఏదో చెబుతానంటోంది," అన్నాడు బావమరిది.

ఆయన కడ్డీ అలాగే పైన ఉంచి నా వైపు తిరిగాడు.

"ఆటోలోంచి," అన్నాను.

"ఏంటి?"

"ఆటోలోంచి దించాడు. పొడవలేదు. ఆసుపత్రి దగ్గర ఆటోలోంచి దించాడు."

నోరు ముయ్యి చిన్నీ అన్నాడు అన్నయ్య. వదినని అన్నప్పటి గొంతు కాదు అది. దాదాపు వేడుకున్నాడు. నీకెలా తెలుసని టైర్ల షాపాయన అడిగాడు. షట్టర్ తల నా ఒళ్ళో ఉందని చెప్పాను. ఆయనకి నమ్మకం కలగలేదు. అన్న కోసం ఏ చెల్లెలైనా ఇలాగే చెబుతుంది అన్నాడు బావమరిదితో. అప్పుడు నేను షట్టర్ అడిగిన మాట చెప్పాను. మిషను ఆపానా అని రెండుసార్లు అడిగాడని.

ఆయన చేతులు కిందికి వచ్చాయి. కడ్డీ కొస నేలకి తగిలి ఠంగుమంది. తరువాత బావమరిది వైపు తిరిగి, ఆ రోజు సాయంత్రం వర్క్‌షాపుకి వెళితే వెల్డింగ్ మిషను ఇంకా మోగుతూనే ఉందనీ, తనే ఆపాడనీ, ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. కుట్టు మిషను స్టూలు మీద ఆయన కూలబడ్డాడు. ఇంకేమన్నాడని అడిగాడు. దాహమన్నాడని చెప్పాను. ఇచ్చారా అన్నాడు. నీళ్ళు లేవన్నాను. మిషను సంగతి అడిగితే నువ్వేమన్నావని అడిగాడు.

"ఆపేశావని చెప్పాను."

ఆయన కడ్డీ మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, దాని మీద తల వాల్చి ఏడ్చాడు. నల్లటి చేతులతో మొహం తుడుచుకుంటే చెంపల మీద మరకలు పడ్డాయి. మంచి పని చేశావమ్మా అన్నాడు. బావమరిది మా కుండలోంచి నీళ్ళు ముంచి అన్నయ్యకి పట్టాడు. దిండన్న వాచిన నోటితో, నే చెప్పానా గురూ అన్నాడు, ఎవరికి ఏం చెప్పాడో మరి. వదిన నా వైపు చూసింది. ఇంతకాలం తనకి చెప్పనందుకు ఆ చూపులో నాకు రావాల్సింది వచ్చింది. అయినా ఊపిరి పీల్చుకుంది. తలుపు తెరిచే ఉంది. ఇక వాళ్ళు లేచి వెళ్ళిపోతారని అందరం అనుకున్నాం.

కంపెనీ ఆయన మెల్లగా కెమెరాని నా వైపు తిప్పాడు. ఆ మిషను మాట ఒక్కసారి మళ్ళీ చెప్పమ్మా, ఇందాక నీ మొహం పడలేదు అన్నాడు. టైర్ల షాపాయన ఒక్క ఉదుటున లేచి కడ్డీతో కొట్టాడు. కెమెరా ముక్కలైంది. రెండో దెబ్బ కంపెనీ ఆయన మెడ కింద ఎముక మీద తగిలింది. ఆయన చెప్పులు కూడా వదిలేసి మెట్ల మీదుగా పడుతూ లేస్తూ పారిపోయాడు.

అలా లేచి నిలబడ్డవాడు టైర్ల షాపాయన మళ్ళీ కూర్చోలేదు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"తెచ్చేసరికే ప్రాణం లేదని మాకు చెప్పారు," అన్నాడు నాతో. "నువ్వు చెప్పమ్మా. దించినప్పుడు ఉన్నాడా?"

అన్నయ్య తల చాలా కొద్దిగా అడ్డంగా ఊపాడు. లేడని చెప్పమని అడుగుతున్నాడు. చెప్పడం కష్టమేమీ కాదు. ఆపేశావు అని ఒకసారి ఒక మనిషితో తేలిగ్గానే అన్నాను. కాని ఆయన పాట విన్నాడు. కంఠతా వచ్చు ఆయనకి. నేను చెప్పకముందే ఆయన పెదాలు ఆ వరుస గొణుగుతున్నాయి, వెచ్చగా ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు.

"ఉన్నాడు," అన్నాను.

లోపలికి ఎవరు తీసుకెళ్ళారని అడిగాడు. ఎవరూ తీసుకెళ్ళలేదన్నాను. మెట్టు మీద కూర్చోబెట్టి వచ్చేశామన్నాను. ఎందుకన్నాడు. భయమేసిందన్నాను. నీకా, మీ అన్నకా అన్నాడు. ఇద్దరికీ అన్నాను. అది అబద్ధం కాదు గాని, ఆటో తిప్పింది నేను కాదు. అది ఆయనకీ తెలుసు.

ఆయన అన్నయ్య దగ్గరికి వెళ్ళి వంగాడు. గొంతు మళ్ళీ మామూలుగా ఉంది. నువ్వు పొడవలేదు, పొడిచినవాళ్ళ కన్నా ముందు నా చేతికి దొరికావు, నీ ఖర్మ అన్నాడు. వాడు అక్కడ చూస్తూ చచ్చిపోతే నువ్వు దాన్ని పాడుకున్నావు, చప్పట్లు కొట్టించుకున్నావు అన్నాడు. అన్నయ్య విరిగిన చేతిని ఒళ్ళోకి తెచ్చుకుని, బీరువా తలుపు ఆసరాతో ఒంటికాలి మీద లేచి నిలబడ్డాడు. బీరువాలో బట్టలు ఊగాయి.

"మిగతావాళ్ళని బయటికి పంపు," అన్నాడు టైర్ల షాపాయన.

బావమరిదికి అది నచ్చలేదు. చాలు బావా, ఇంక వెళదాం పద అన్నాడు. ఆయన వినలేదు. బావమరిది దిండన్నని చొక్కా పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చాడు. వదిన మంచం కోడు పట్టుకుంది. ఆమెని మంచంతో సహా లాగాల్సి వచ్చింది. నేలంతా ఆమె చేతి రక్తం చారగా సాగింది. ఆమె వాళ్ళని తిడుతూ, అన్నయ్యని తిడుతూ, నన్ను తిడుతూ వెళ్ళింది. నేను గుమ్మం బయట ఆగిపోయి తలుపు చట్రం పట్టుకున్నాను. నువ్వూ కిందికి వెళ్ళమ్మా అన్నాడు టైర్ల షాపాయన, నా వైపు చూడకుండా. కడ్డీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అన్నయ్యా, వచ్చెయ్," అన్నాను.

గుమ్మం అతనికి దగ్గరే. ఆయన కంటే అతనికే దగ్గర. అన్నయ్య గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ నా వైపు వచ్చాడు. పెదవి చీలి గడ్డం మీదికి కారుతోంది. ఆసరాకి నేను ఒక చెయ్యి ముందుకి చాపాను. అతను దాన్ని పట్టుకోలేదు. బాగున్న చేత్తో తలుపు రెక్క అందుకున్నాడు. నా ఇంకో చెయ్యి చట్రం మీదే ఉంది. అతను దాని వైపు చూశాడు.

"వేళ్ళు తియ్యి చిన్నీ, నలుగుతాయి," అన్నాడు.

తీశాను. అన్నయ్య లోపలినుంచి తలుపు వేసేశాడు.